పంచ్ నీడిల్‌లో ఉబ్బెత్తు పువ్వు: కత్తెర పట్టే ముందు జాగ్రత్తలు

పంచ్ నీడిల్ అంటే బోలు సూదిని బట్టలోకి పొడుస్తూ అవతలి వైపు దారం లూపులు (ఉచ్చులు) నిలిచేలా చేసే కుట్టుపని. ఇందులో బంతిపువ్వులాంటిది గుండ్రంగా పైకి లేచినట్టు రావాలంటే పొడవాటి లూపులు వేసి, వాటిని కోసి, కత్తెరతో ఆకారం తేవాలి. ఒకసారి కోసిన దారం మళ్లీ పెరగదు కాబట్టి ముందే ఇవి చూసుకోండి.

• బట్ట ఎంబ్రాయిడరీ రింగులో చాలా బిగువుగా ఉండాలి. వేలితో తడితే చప్పుడు రావాలి. పని మధ్యలో వదులైతే ఆగి మళ్లీ లాగండి.

• కుట్టేది వెనక వైపు నుంచి కదా, డిజైన్ అద్దంలో చూసినట్టు తిరగేసి గీసుకున్నారా? అక్షరాలుంటే మరీ ముఖ్యం.

• ముందు పొట్టి లూపుల భాగాలన్నీ పూర్తి చేయండి, పొడవాటివి చివరికి ఉంచండి. లేదంటే పక్కన పొడిచేటప్పుడు సూది వాటిలో చిక్కుకుంటుంది.

• అన్నిటికన్నా ముఖ్యం కుట్ల ఒత్తుదనం. ఇందులో ముడి ఉండదు. దారాన్ని పట్టి ఉంచేది బట్ట నేత, పక్క కుట్ల ఒత్తిడి, అంతే. పలుచగా కుడితే కోసిన పోగులు ఊడి వస్తాయి, మధ్యలో బట్ట కనిపిస్తుంది. అలాగని ఒకే చోట పదేపదే పొడిస్తే బట్ట చిరుగుతుంది. అనుమానంగా ఉంటే అదే బట్ట మూల మీద కొద్దిగా లూపులు కుట్టి, కోసి చూడండి.

• సన్నటి మొన ఉన్న పదునైన చిన్న కత్తెర కావాలి. మొద్దు కత్తెర దారాన్ని నలిపి లాగేస్తుంది.

• రింగులోంచి తీయకుండానే కత్తిరించండి. అంచుల దగ్గర పొట్టిగా, మధ్యకు వచ్చేకొద్దీ ఎత్తుగా, ప్రతిసారీ కొంచెమే. రింగు తిప్పుతూ పక్క నుంచి చూస్తే ఎగుడుదిగుడులు తెలుస్తాయి.

• కోసినప్పుడు రాలే ముదురు రంగు నూగు తెల్ల దారం మీద పడితే ఏరడం కష్టం. టేపుతో అద్ది వెంటనే తీసేయండి.