సీసం లేని పైరో సెన్సర్లు - 4వ పాఠం: చల్లార్చి కూడా చూడండి

అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర మనిషి రాగానే వెలిగే లైటు తెలుసుగా. దాని కింద కదలకుండా కూర్చుని ఫోన్ చూసుకుంటుంటే కాసేపటికి ఆరిపోతుంది. చెయ్యి ఊపితే మళ్లీ వెలుగుతుంది. దాని సెన్సర్‌లో ఉండే పైరో పదార్థానికి (ఉష్ణోగ్రత మారితే కరెంటు ఇచ్చేది) వేడి ఎంతుందో పట్టదు, ఎంత వేగంగా మారుతోందో కావాలి. (మే నెలలో గోడలు కూడా ఒంటి వేడికి చేరినప్పుడు ఆ లైటు మొండికేయడానికి కారణం వేరు: మనిషికీ గోడకీ తేడా దానికి తెలియదు.)

పోయిన పాఠంలో ప్లాటినం పూసిన సిలికాన్ మీద బేరియం టైటనేట్ పొర వేసి, పైన 1 మి.మీ. చదరపు బంగారు ఎలక్ట్రోడ్ పెట్టి, పోలింగ్ కూడా (వోల్టేజి పెట్టి పొరలోని ధ్రువాలన్నీ ఒకే దిశకు తిప్పడం) చేశాం. ఇలాంటి సెన్సర్లలో వాడే పీజడ్‌టీ (లెడ్ జిర్కోనేట్ టైటనేట్) బరువులో సగానికి మించి సీసమే కాబట్టి ఇంత తంటా. ఇప్పుడు పైరో గుణకం కొలుద్దాం.

సూత్రం చిన్నదే: కరెంటు = గుణకం × వైశాల్యం × ఉష్ణోగ్రత మారే వేగం.

పొరను 25 నుంచి 60 డిగ్రీల దాకా నిమిషానికి 6 డిగ్రీల చొప్పున, అంటే సెకనుకు 0.1 డిగ్రీ, వేడి చేయండి. ఎలక్ట్రోమీటర్ (అతి చిన్న కరెంట్లను కొలిచే మీటరు) 20 పికోఆంపియర్లు చూపిందనుకుందాం. గుణకం చదరపు మీటరుకు, డిగ్రీకి 200 మైక్రోకూలంబ్‌లు. లిథియం టాంటలేట్ స్ఫటికం స్థాయి! అదే జింక్ ఆక్సైడ్ పొరైతే 1 పికోఆంపియర్ రావడమే గొప్ప. కొలుస్తున్నంతసేపూ కేబుల్ ముట్టుకోకండి, అది కదిలినా అంత కరెంటు వస్తుంది.

మొదటిసారి నేను ఇక్కడే సంబరపడిపోయి, నోట్‌బుక్‌లో అంకె రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. పక్కన కూర్చున్న సీనియర్ ఒకటే అడిగారు: "చల్లార్చావా?" అదే వేగంతో చల్లార్చాను. నిజమైన పైరో కరెంటైతే దిశ తిరగబడాలి, ప్లస్ 20 కాస్తా మైనస్ 20 కావాలి. నాకు సున్నా దగ్గరే ఆగిపోయింది. పోలింగ్ అప్పుడు పొరలోని లోపాల్లో ఇరుక్కున్న చార్జ్ వేడికి బయటపడిందంతే.

అందుకే పోలింగ్ అయ్యాక పై, కింది ఎలక్ట్రోడ్లను తీగతో కలిపి ఒక రాత్రి వదిలేయండి. తర్వాత వేడి, చల్లన, మళ్లీ వేడి, మళ్లీ చల్లన. మొదటి రౌండును లెక్కలోకి తీసుకోకండి. మిగతాదాంట్లో దిశ మారిన భాగమే మీ గుణకం.

ఈ వారం పని: పై కొలతలతోనే వేడి చేస్తే +26, చల్లారిస్తే −14 పికోఆంపియర్లు వచ్చాయి. ఇందులో పైరో ఎంత, ఇరుక్కున్న చార్జ్ ఎంత?