పాత అవుట్‌బోర్డ్ పడవకు స్టీరింగ్ ఎంచుకునే ముందు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే వేట నిషేధ కాలంలోనే చాలామంది పడవలకు మరమ్మతులు చేయిస్తారు. స్టీరింగ్ చక్రంతో మళ్లించే పాత అవుట్‌బోర్డ్ పడవకు (వెనుక పలకకు బయటివైపు ఇంజిన్ బిగించిన పడవకు) స్టీరింగ్ మార్చదలచినవారు డబ్బు చెల్లించే ముందే ఇవి చూసుకోవాలి.

పడవకు అనుమతించిన గరిష్ఠ హార్స్‌పవర్‌ను తట్టుకోగల స్టీరింగ్‌నే తీసుకోవాలి. ఇప్పుడున్న చిన్న ఇంజిన్‌ను బట్టి కొంటే, రేపు పెద్దది బిగించినప్పుడు నడిసముద్రంలో పడవ అదుపు తప్పి ప్రాణాల మీదికి రావచ్చు.

ఇంజిన్ టిల్ట్ ట్యూబును, అంటే స్టీరింగ్ కేబుల్ చివరి కడ్డీ దూరే గొట్టాన్ని, స్వయంగా పరీక్షించాలి. ఉప్పునీటి తుప్పు వల్ల అందులోని కడ్డీ బిగుసుకుపోవచ్చు, కొన్ని పాత ఇంజిన్లకు ఆ ట్యూబే ఉండదు. అప్పుడు కొత్త కేబుల్ కొన్నా నేరుగా బిగించే చోటు దొరకదు.

చిన్న ఇంజిన్లకు కేబుల్ స్టీరింగ్ చాలు, అది చవక కూడా. 150 హార్స్‌పవర్ దాటితే మాత్రం, ప్రొపెల్లర్ లాగుడు చేతుల మీద పడకుండా ఆపే హైడ్రాలిక్‌కే (నూనె ఒత్తిడితో పనిచేసే స్టీరింగ్‌కే) ఖర్చు పెట్టడం మేలని నా అభిప్రాయం.

హైడ్రాలిక్ అయితే ఇంజిన్‌ను పూర్తిగా పైకి లేపి, రెండు వైపులా తిప్పి, సిలిండర్ పడవ వెనుక పలకకు తగలకుండా చోటుందో లేదో నిర్ధారించుకోవాలి.

వేర్వేరు కంపెనీల హెల్మ్ (చక్రం వెనుక ఉండి కేబుల్‌ను కదిలించే యంత్రభాగం), కేబుల్ కలపరాదు, చాలాసార్లు అమరిక కుదరదు.

కేబుల్ పొడవును, అది సాగే దారి వెంట కొలవాలి. పొట్టిదైతే మలుపుల వద్ద ఒరుసుకుని చక్రం బరువెక్కుతుంది.