సున్నపురాయి నేలలో బోరు పాయింటు చూసే ముందు

గుంటూరు నుంచి వెళ్లి పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు పొలం కొని బోరు వేయించాలనుకునేవాళ్లకు ఒక మాట. అక్కడ చాలాచోట్ల అడుగున సున్నపురాయి. గట్టి బండలో నీళ్లు దాదాపు ఉండవు. ఉన్నదంతా పగుళ్లలో, వాన నీటికి రాయి కరిగి ఏర్పడిన సందుల్లోనే. అందుకే పక్క చేలో నీళ్లు దండిగా పడ్డా మన చేలో దుమ్మే లేవొచ్చు. అక్కడి సున్నపురాయి గుహ గుత్తికొండ బిలం లోపల మడుగు చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

కాబట్టి వెతకాల్సింది పగులు దారిని. మే నెలలో, చుట్టూ ఎండిపోయినప్పుడు పొలమంతా తిరగండి. మేడి, నేరేడు, ఈత చెట్లు ఒకే వరుసలో పచ్చగా కనిపిస్తే ఆ వరుసను వదలొద్దు. వాగు చాలా దూరం తిన్నగా సాగినా, చటుక్కున మలుపు తిరిగినా, పారే నీళ్లు మధ్యలోనే ఇంకిపోయినా కింద పగులుందేమోనని చూడాలి. ఫోన్లో శాటిలైట్ మ్యాప్ తెరిస్తే ఈ గీతలు ఇంకా బాగా తెలుస్తాయి. రెండు గీతలు కలిసే చోటు అన్నిటికన్నా మేలు.

అక్కడ గుర్తు పెట్టుకుని, రిగ్గును పిలిచేలోపు జియాలజిస్టుతో రెసిస్టివిటీ సర్వే (నేలలోకి కరెంటు పంపి కింద నీటి జాడ చూసే పరీక్ష) చేయించండి. అరచేతిలో కొబ్బరికాయ నిలబడటం కన్నా నాకు దాని మీదే నమ్మకం. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కూడా తీసుకోవాలి.

ఇంకోటి, ఈ పగుళ్లలో నీరు సరిగా వడపోత లేకుండానే కిందికి దిగుతుంది. పేడదిబ్బకు, సెప్టిక్ ట్యాంకుకు దూరంగా బోరు వేయండి. తాగే ముందు టెస్టు చేయించండి.