బ్రాన్ కోటకు బయల్దేరే ముందు

రొమేనియా రాజధాని బుకారెస్ట్ నుంచి పెలెష్ కోట, డ్రాకులా కోటగా పేరుపడ్డ బ్రాన్ కోట రెండూ చూసి రావాలంటే రోజంతా పడుతుంది.

- సోమవారం వద్దు. పెలెష్ మూసి ఉంటుంది, బ్రాన్ మధ్యాహ్నం 12కి గానీ తెరవరు.
- టూర్ డబ్బులో కోట టికెట్లు కలిశాయా? కట్టకముందే అడగండి.
- జారని బూట్లు, స్వెట్టర్.
- బ్రాన్‌లో మెట్లు నిటారు. గోడల మధ్య రహస్య మెట్లదారి మరీ ఇరుకు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను అందులోకి తీసుకెళ్లకండి.
- దారిలో ఎలుగుబంటి కనిపిస్తే బండి దిగొద్దు, తిండి వేయొద్దు.
- పిల్లలకు ముందే చెప్పండి: డ్రాకులా 1897 నాటి నవలలో పాత్ర. ఆ పేరు వచ్చింది 15వ శతాబ్దపు పాలకుడు వ్లాద్ నుంచి; ఆయన ఈ కోటలో కాపురమున్నట్టు ఆధారం లేదు. ఇక్కడ నిజంగా ఉన్నది రొమేనియా రాణి మేరీ. 1920లో బ్రషోవ్ నగరం ఆమెకు ఈ కోట కానుకిచ్చింది. ఆమె గదులు తీరిగ్గా చూడండి.