మెడ పట్టేసిందని టక్కున తిప్పేసే ముందు

పొద్దున లేచేసరికి మెడ పట్టేసి ఉంటుంది, ఒక పక్కకి అస్సలు తిరగదు, ఇంక గడ్డం ఒక చేత్తో తల ఇంకో చేత్తో పట్టుకుని టక్కుమనేదాకా తిప్పేస్తాం, లేదా పక్కనున్నోళ్లని తిప్పమంటాం. నేనూ చాన్నాళ్లు అదే బ్యాచ్, లోపల ఏముందో తెలిశాక మానేశా.

మెడలో ఉండేవి 7 వెన్నుపూసలు (జిరాఫీకి కూడా అంతేనండీ). పై రెండూ వేరే రకం. మొదటిది అట్లాస్, ఉంగరంలా ఉంటుంది, తల కూర్చునేది దాని మీదే. రెండోది యాక్సిస్, దాన్నుంచి పన్నులాంటి ఎముక ఒకటి లేచి ఆ ఉంగరంలోకి దూరుతుంది, మనం కాదు కాదు అని తల అడ్డంగా ఊపేది దాని చుట్టూనే. మెడ తిరిగే దాంట్లో దాదాపు సగం ఈ ఒక్క జాయింట్‌దే. ఆ పన్ను వెనక్కి జరగకుండా అడ్డంగా ఒక లిగమెంట్ (ఎముకల్ని కట్టి ఉంచే గట్టి పట్టీ) పట్టుకుని ఉంటుంది, దాని వెనకాలే వెన్నుపాము.

నాకు అసలు భయం పుట్టించింది మాత్రం రక్తనాళం. వెర్టిబ్రల్ ఆర్టరీలని కుడి ఎడమ చెరొకటి ఉంటాయి, మామూలుగా ఆరో పూస దగ్గర మొదలుపెట్టి ఒక్కో పూస పక్కనున్న చిల్లులోంచి, దండకి దారం ఎక్కించినట్టు పైకెళ్లి, అట్లాస్ దాటగానే మెలిక తిరిగి పుర్రె అడుగు నుంచి లోపలికి పోతాయి. చిన్నమెదడుకీ, చూపుకి సంబంధించిన వెనక భాగానికీ రక్తం వీటిదే. తల ఒక్క ఊపున మెలితిప్పితే ఆ మెలిక దగ్గర నాళం సాగుతుంది, లోపలి పొర చిరిగిందా, రక్తం గోడలోకి దూరి గడ్డకడుతుంది, ఆ గడ్డ ముక్క పైకెళ్తే స్ట్రోక్. అరుదే, కాదనను, కానీ చిన్న వయసోళ్లకి కూడా అవుతుంది.

ఇంతకీ ఆ టక్ అనే సౌండ్ ఎముక సర్దుకున్నది కాదు, జాయింట్ నీటిలో గ్యాస్ బుడగ వ్యవహారం, అంతే.

కాబట్టి ఎవరితోనూ మెడ తిప్పించుకోకండి, రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) ఉన్నా, ఎముకలు గుల్లబారినా, పాత దెబ్బ ఉన్నా అసలు వద్దు. మసాజ్ అయితే వెనక కండల వరకే. దవడ కింద నాడి కొట్టుకునే చోట, తలకి రక్తం తీసుకెళ్లే కరోటిడ్ ఆర్టరీ రెండుగా చీలుతుంది, అక్కడ బీపీ కనిపెట్టే సెన్సార్ ఉంటుంది, గట్టిగా నొక్కితే కళ్లు తిరిగి పడిపోవచ్చు, పెద్దవాళ్లకి మరీను. పట్టేసిన మెడకి వేడి కాపడం పెట్టి, మీ అంతట మీరే మెల్లగా నొప్పి మొదలయ్యేదాకా తిప్పి ఆపేయండి, మామూలు పట్టైతే కొన్ని రోజుల్లో అదే వదులుతుంది. జ్వరంతో పాటు మెడ ముందుకి వంగకపోతే మాత్రం కాపడాలు కాదు, వెంటనే ఆస్పత్రి.

తిప్పించేసుకున్నారా? ఆ తర్వాత కొన్ని గంటలకైనా రోజులకైనా, మెడలోనో తల వెనకో ఒక పక్క ఎప్పుడూ లేని నొప్పి, కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, నడక తూలడం, ఒక కనురెప్ప వాలిపోవడం, వీటిలో ఏది కనిపించినా పడుకుంటే పోతుందిలే అనుకోవద్దు, ఎమర్జెన్సీకి వెళ్లండి. వెళ్లాక మెడ తిప్పించుకున్న సంగతి, ఏ రోజన్నది కూడా డాక్టర్‌కి మీరే చెప్పండి, తూలడానికీ మెడకీ ఏం సంబంధంలే అని మనం చెప్పకుండా వదిలేసేది సరిగ్గా ఆ మాటే.