పాత డ్రైపాయింట్ బొమ్మలో నలుపు పలచబడిందా?

లండన్ సర్జన్ ఫ్రాన్సిస్ సేమర్ హేడెన్ 1863లో ‘ఐర్లండ్‌లో సూర్యాస్తమయం’ అనే బొమ్మ చేశాడు. చీకటి పడుతున్న చెట్లు, కింద నీళ్లు. ఆ చెట్ల నలుపు మఖమల్ గుడ్డలా ఉంటుంది. ఆ పని డ్రైపాయింట్ సూదిదే. రాగిరేకు మీద సూదితో గీసి, సిరా పట్టించి, కాగితం మీద అచ్చు తీసే పద్ధతి ఇది. అలాంటి పాత పల్లె దృశ్యం మీ దగ్గరుంటే, దాని మీద చెయ్యి వేసే ముందు ఇది చదవండి.

సమస్య: గీతలు సన్నగా, బూడిద రంగులో ఉన్నాయి

కారణం: డ్రైపాయింట్‌లో యాసిడ్ వాడరు. రాగిరేకు మీద సూదితో నేరుగా గీస్తారు. నాగలి చాలుకు పక్కన మట్టి లేచినట్టు, గీత పక్కన రాగి లేస్తుంది. దాన్ని బర్ అంటారు. సిరాను పట్టుకుని ఆ మెత్తని నలుపు ఇచ్చేది అదే. ప్రెస్‌లో తిప్పిన ప్రతిసారీ బర్ నలుగుతుంది, కొన్ని పదుల కాపీలకే అరిగిపోతుంది. మీది ఆలస్యంగా తీసిన కాపీ అయి ఉండొచ్చు. ఎండను అనుమానించకండి. సిరాలోది కార్బన్ నలుపు, అది వెలిసిపోదు. ఎండకు చెడేది కాగితం.

పరిష్కారం: లేదు. దయచేసి పెన్సిల్‌తో దిద్దకండి. పదింతలు చూపించే భూతద్దం పెట్టి చూడండి. వరుసగా చుక్కలు కనిపిస్తే అది ఫోటో నుంచి అచ్చేసిన నకలు. గీత పక్కన సిరా మసకగా పరుచుకుని ఉంటే, కాస్త బర్ ఇంకా మిగిలినట్టే.

సమస్య: గోధుమరంగు మచ్చలు

తేమ, బూజు, కొన్నిసార్లు కాగితంలోని ఇనుప రేణువులు కారణం. బ్లీచ్ వద్దు. విశాఖ లాంటి ఊళ్లో వర్షాకాలం బయటి గోడకు తగిలించకండి. గాలిలో తేమ 50 శాతం దగ్గర ఉంటే మంచిది. పాత మచ్చలను కాగితం కన్సర్వేటర్‌కే, అంటే పాత కాగితాలను బాగుచేసే నిపుణుడికే, వదిలేయండి.

సమస్య: మౌంట్ (ఫ్రేములో బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) అంచు వెంట గోధుమ గీత

చవక అట్టలోని ఆమ్లం వల్ల వస్తుంది. ఆమ్లం లేని కాటన్ బోర్డు పెట్టించండి. సెల్లోటేపు అసలు వద్దు. జపాన్ కాగితం ముక్కలు, గోధుమ గంజి జిగురుతో బొమ్మను పైఅంచున మాత్రమే బోర్డుకు అంటించమనండి.

సమస్య: కాగితం అలలు తేలింది

తేమ హెచ్చుతగ్గులే దీనికి మూలం. ఇస్త్రీ చేయకండి, బరువు పెట్టకండి. ఇస్త్రీ చేయించిన బొమ్మ ఒకటి ఫ్రేముల షాపులో చూశాను. వేలికి తగలాల్సిన రాగిరేకు అంచు గుర్తు పూర్తిగా చదునైపోయింది, ఉబ్బెత్తుగా నిలవాల్సిన సిరా అణగారిపోయింది. ఎంతో బాధేసింది. కొంచెం అల ఉంటే ఉండనివ్వండి, గాజుకూ కాగితానికీ మధ్య ఖాళీ మాత్రం ఉండేలా చూడండి.