రిక్రూటర్ నుంచి ఉలుకూ పలుకూ లేదా? చిక్కు ఎక్కడుందో చూడండి

ఉద్యోగం పైడిభీమవరం ఫార్మా పరిశ్రమలోనైనా, హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ సంస్థలోనైనా మధ్యలో ఉండేది రిక్రూటరే, అంటే కంపెనీకి మనుషులను వెతికిపెట్టేవారు. ఆ పని చేసేది బయటి కన్సల్టెన్సీ అయితే మీరు చేరాకే దానికి కంపెనీ నుంచి రుసుము అందుతుంది. ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం, చాలాచోట్ల నడిచే లెక్క. అందుకే అవతలివారి మనసులో ఎప్పుడూ ఒకటే ప్రశ్న: ఈ మనిషి నిజంగా చేరతాడా? కింది చిక్కుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

సమస్య: రెజ్యూమె పంపినా జవాబు లేదు

కారణం చాలాసార్లు చిరునామా. రెజ్యూమెలో శ్రీకాకుళం జిల్లా అని ఉండి, ఉద్యోగం హైదరాబాద్‌లో అయితే "అంత దూరం నుంచి వస్తాడా, వచ్చినా నిలుస్తాడా" అని పక్కన పెట్టేవారున్నారు. అన్యాయమే, కానీ జరిగేది అదే. రెండో కారణం, ఫోనుతో ఫొటో తీసి పంపిన రెజ్యూమె. దరఖాస్తులను వడపోసే సాఫ్ట్‌వేర్ బొమ్మలోని అక్షరాలను చాలాసార్లు చదవలేదు.

పరిష్కారం: అక్షరాలు ఎంచుకోవడానికి వీలయ్యే పీడీఎఫ్ పంపండి. ఫైలుకు మీ పేరూ ఉద్యోగం పేరూ పెట్టండి. గౌరవ వాక్యాలతో సగం పేజీ నింపకుండా అవతలివారికి కావలసింది ముందే చెప్పండి. ఇలా: "క్వాలిటీ కంట్రోల్ కెమిస్ట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. బీఎస్సీ కెమిస్ట్రీ, హెచ్‌పీఎల్‌సీ మీద రెండేళ్ల అనుభవం. ఇప్పుడు రణస్థలంలో ఉంటున్నాను, హైదరాబాద్ రావడానికి సిద్ధం. నోటీసు గడువు 30 రోజులు." ఇదే ఇంగ్లీషులో పంపితే సరిపోతుంది.

సమస్య: ఫోను వచ్చింది, ఎత్తలేదు; తిరిగి చేస్తే కలవడం లేదు

ఆఫీసంతటికీ కలిపి ఉండే బోర్డు నంబర్లకు తిరిగి చేస్తే సాధారణంగా ఎవరూ దొరకరు. మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో రెండు వేళలు సూచిస్తూ రాయండి. విజయనగరం బస్సులో నిలబడి ఉండగా ఫోను వస్తే ఆ రొదలో జవాబులు చెప్పకండి. "అరగంటలో మాట్లాడతాను" అనడం తప్పు కాదు.

సమస్య: జీతం మాట రాగానే సంభాషణ ఆగిపోయింది

"కంపెనీ నిబంధనల ప్రకారం ఇవ్వండి" అన్న జవాబు వినయంగా ఉంటుంది గానీ రిక్రూటర్ నింపాల్సిన గడిని ఖాళీగా వదిలేస్తుంది. మరో కారణం, మీరు చేతికొచ్చే జీతం గురించి, వారు సీటీసీ (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) గురించి మాట్లాడుకోవడం. 3,60,000 సీటీసీ అంటే నెలకు 30,000 చేతిలో పడుతుందని కాదు. మూల వేతనంపై యజమాని కట్టే 12 శాతం పీఎఫ్ సాధారణంగా అందులోనే ఉంటుంది, గ్రాట్యుటీ కూడా. మీ వాటా 12 శాతం విడిగా కోస్తారు.

పరిష్కారం: ఇప్పటి సీటీసీ, కోరుకునే సీటీసీ అంకెల్లో చెప్పండి. చేతికి ఎంత వస్తుందో, కంపెనీ నేరుగా తీసుకుంటుందో కాంట్రాక్టరు ద్వారానో అడగండి. ఫ్యాక్టరీ ఉద్యోగమైతే షిఫ్టులు, బస్సు, క్యాంటీన్ సంగతీ అడగాలి. ఊరు మారాల్సి వస్తే గది అద్దె లెక్కలో వేసుకున్నాకే అంకె చెప్పండి. తర్వాత పెంచితే "చేరడు" అన్న అనుమానం బలపడుతుంది.

సమస్య: ఇంటర్వ్యూ బాగా జరిగింది, తర్వాత మౌనం

కంపెనీలో పైవారి అనుమతి రాకపోవచ్చు, ముందు ఎంపికైనవారి జవాబు కోసం ఆగి ఉండవచ్చు. కన్సల్టెన్సీకి ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా. వారం తర్వాత ఒక సందేశం, మరో వారానికి ఇంకొకటి చాలు. రోజూ ఫోను చేయకండి. మన దగ్గర నాన్నగారో మేనమామో స్వయంగా రిక్రూటర్‌కు ఫోను చేసి "మా అబ్బాయి సంగతి ఏం చేశారు" అని అడగడం కూడా ఉంది. ప్రేమతోనే చేస్తారు, నష్టం మాత్రం మీకే. ఈలోగా మిగతా ప్రయత్నాలు ఆపకండి.

సమస్య: రిజిస్ట్రేషన్ పేరుతో డబ్బు అడిగారు

దేశంలోని ఉద్యోగమైతే కట్టకండి. రుసుము ఇవ్వాల్సింది కంపెనీ. ఇప్పటికే కట్టి మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఖాతాలు దాటిపోతుంది. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా గల్ఫ్‌కు వెళ్లేవారి విషయం వేరు. రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయల వరకు, దానిపై జీఎస్టీ తీసుకోవచ్చు, రసీదుతో. విదేశీ ఉద్యోగాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ ఏజెంటు పేరు లేకపోతే, లేదా టూరిస్టు వీసా మీద పంపుతానంటే, పాస్‌పోర్టు అతని చేతికి ఇవ్వకండి.